పాత జిప్సీకి వెనక రిసీవర్ హిచ్: చిరిగిన పట్టీ నుంచి బోల్టు హిచ్ దాకా ఒక కేసు

హిచ్ అంటే ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే అమరిక. రిసీవర్ హిచ్‌కి వెనక చదరపు ట్యూబు ఉంటుంది, అవసరాన్ని బట్టి అందులో వేర్వేరు భాగాలు దూర్చి పిన్ను వేస్తాం. ఆ పని మీద మా వర్క్‌షాపుకి వచ్చేవాళ్లు మొదట అడిగేది ట్యూబు మందం గురించే. అడగాల్సిన ప్రశ్నే. కానీ నా దగ్గరికి రిపేరుకి వచ్చిన హిచ్‌లలో ట్యూబు దెబ్బతిన్నవి దాదాపు లేవు. చీలినవి, వంగినవి అన్నీ ఆ ట్యూబు ఛాసిస్‌ని పట్టుకున్న చోటే పోయాయి. ఆ సంగతి బాగా తెలిసేలా చూపించిన కేసు కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. యజమాని ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు వదిలేశాను.

నేపథ్యం

బండి మారుతి జిప్సీ, 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ మోడల్. లాడర్ ఛాసిస్, అంటే పొడవునా రెండు రెయిళ్లు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా అడ్డంగా క్రాస్ మెంబర్లు. నాలుగు వైపులా లీఫ్ స్ప్రింగులు. ఖాళీ బరువు టన్నుకి కాస్త తక్కువ. చాలా ఏళ్లు సముద్రం పక్క ఊళ్లో తిరిగిన బండి. ఇప్పటి యజమానికి తూర్పు కనుమల అంచున తోట ఉంది. తోట లోపల నీళ్ల ట్యాంకు, మొక్కలు, ఎరువు బస్తాలు మోసే రెండు చక్రాల చిన్న ట్రైలర్‌ని లాగాలి. అది ఒక అవసరం. సెలవుల్లో స్నేహితులతో కలిసి అడవి దారుల్లో, వాగుల్లో తిప్పుతారు. అక్కడ బురదలో కూరుకుపోయిన బండిని బయటికి లాగాలి. అది రెండోది.

రెండింటికీ ఒకే హిచ్ చాలనుకున్నారు. సరిపెట్టవచ్చు కూడా. కానీ ట్రైలర్ లాగడం, ఇరుక్కున్న బండిని లాగడం రెండూ ఒకే రకం లోడు కావు. ఈ తేడాని ముందే లెక్కలోకి తీసుకోకపోతే ఎంత మందం ఇనుము వేసినా ఉపయోగం లేదు.

బండి వచ్చినప్పటి పరిస్థితి

అంతకుముందు వేరే చోట చేయించిన హిచ్ దానికి ఉంది. వెనక క్రాస్ మెంబర్ మీద 8 మి.మీ. ఫ్లాట్ పట్టీ నిలువుగా పెట్టి చుట్టూ వెల్డ్ చేశారు. పట్టీకి రంధ్రం చేసి టో బాల్ (ట్రైలర్ మూతి కూర్చునే ఇనుప గుండు) బిగించారు. బాల్ ఇప్పుడు కిందికి వాలిపోయింది, ట్రైలర్ తగిలిస్తే టకటకమని చప్పుడు. యజమాని కోరిక చిన్నదే. "పట్టీ ఇంకాస్త మందంది వేసి వెల్డ్ కొట్టేయండి, సరిపోతుంది కదండీ" అన్నారు.

మట్టి కడిగి, పెయింటు గీకి చూస్తే పట్టీ చెక్కుచెదరలేదు. వెల్డ్ కూడా విడిపోలేదు. వెల్డ్ అంచు వెంబడి క్రాస్ మెంబర్ రేకే చిరిగింది. మందం కొలిస్తే మంచి చోట రెండున్నర మి.మీ., తుప్పు తిన్న చోట ఒకటిన్నర. అంత పల్చటి రేకుకి 8 మి.మీ. పట్టీ అతికిస్తే, బాల్ మీద పడే ప్రతి ఊపుకీ వంగేది రేకే. అది కూడా వెల్డ్ వేడికి గట్టిపడిన అంచు దగ్గరే వంగుతుంది. పట్టీ మందం పెంచితే ఆ వంపు మొత్తం ఇంకా సన్నటి గీత మీదికి చేరుతుంది, చిరుగు ఇంకా తొందరగా వస్తుంది.

అడిగితే ఇంకో విషయం బయటపడింది. కిందటి వానాకాలం ఒక పెద్ద జీపు బురదలో దిగబడితే ఈ బాల్‌కే స్ట్రాప్ (బండిని లాగే సాగుడు బెల్టు) తగిలించి ఊపుతో లాగారట. బాల్ వాలింది ఆ రోజునుంచే. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. ఆస్ట్రేలియాలో ఇలాగే బాల్‌కి స్ట్రాప్ వేసి లాగినప్పుడు బాల్ తెగి ఎగిరి తగిలి మనుషులు చనిపోయారు. సాగిన స్ట్రాప్‌లో నిల్వ ఉన్న శక్తి అంతా ఆ బాల్ వెంట వస్తుంది. టో బాల్ మీద ఉండే రేటింగ్ నిలకడగా లాగే ట్రైలర్ కోసమే, కుదుపుతో లాగడానికి కాదు. ఈ మాట ఆయనకి పనికి ఒప్పుకోకముందే చెప్పాను. ఇకమీదట బాల్‌కి స్ట్రాప్ వేయనని మాట ఇస్తేనే పని మొదలుపెడతానని కూడా చెప్పాను.

లెక్క

కాగితం మీద లెక్క వేయకుండా గ్రైండర్ పట్టుకోకూడదు. ట్రైలర్‌కి సరుకుతో కలిపి 600 కిలోలు అనుకున్నారు. అందులో పదోవంతు, అంటే 60 కిలోలు, బాల్ మీద కిందికి ఆనుతుంది. గతుకుల్లో అది మూడింతలు అవుతుందనుకుంటే 180 కిలోలు. బాల్ క్రాస్ మెంబర్‌కి 250 మి.మీ. వెనక ఉంటే, క్రాస్ మెంబర్‌ని మెలితిప్పే బలం 45 కిలోల బరువుని మీటరు పొడవు కడ్డీ చివర వేలాడదీసినంత. ఇది పెద్దది కాదు.

ఇప్పుడు రికవరీ, అంటే ఇరుక్కున్న బండిని లాగడం. మనుషులు, సామానుతో జిప్సీ 1300 కిలోలు ఉంటుంది. ఇరుసు దాకా బురదలో దిగిన బండిని కదల్చాలంటే దాని బరువంత బలం కావాలి, ఊపుతో లాగితే రెండు మూడింతలు. డిజైన్ కోసం 3 టన్నులు పట్టుకున్నాను. రిసీవర్ నడిబొడ్డు ఛాసిస్ రెయిల్ నడిబొడ్డుకి 70 మి.మీ. కింద ఉంటే, ఆ 3 టన్నులు పుట్టించే మెలి పై కొలతలో 210 వస్తుంది. ట్రైలర్ ఆన్పుకి వచ్చిన 45తో పోల్చి చూడండి. అందరూ భయపడేది కిందికి ఆనే బరువుకి. అసలు నష్టం చేసేది నేలకి సమాంతరంగా లాగే బలం, అది కూడా రిసీవర్ ఎంత కిందికి వేలాడితే అంత ఎక్కువ.

దీంతో మొదటి నిర్ణయం తేలిపోయింది. రిసీవర్ రెయిల్‌కి సమానమైన ఎత్తులోనే ఉండాలి. ట్రైలర్ కప్లర్ (బాల్‌ని పట్టుకునే మూతి) ఎత్తు తక్కువ కదా అంటే, ఆ తేడాని బయటికి తీయగలిగే బాల్ మౌంట్‌లో డ్రాప్, అంటే కిందికి దిగే మెట్టు, పెట్టి సర్దవచ్చు. ట్రైలర్ లోడు చిన్నది కాబట్టి డ్రాప్ వల్ల పెద్ద నష్టం లేదు. రికవరీకి బాల్ మౌంట్ తీసేసి, తిన్నగా ఉండే షాకిల్ బ్లాక్ (స్ట్రాప్ తగిలించే యూ ఆకారపు కొక్కెం, అంటే షాకిల్, ఉన్న దిమ్మె) పెడతాం, అప్పుడు లాగుడు రెయిల్ గీత మీదే పడుతుంది. వెనక డిపార్చర్ యాంగిల్ (దిగుడుల్లో వెనక భాగం నేలకి తగలకుండా ఉండే కోణం) కూడా మిగులుతుంది. దిగుడుల్లో నేలకి గీరుకునే హిచ్‌ని ఆఫ్‌రోడ్ బండికి కట్టడం దండగ.

ట్రైలర్ బరువు మీద కూడా ఆయనతో కాస్త వాదించాల్సి వచ్చింది. ట్రైలర్‌కి బ్రేకులు లేవు. యూరప్‌లో బ్రేకులు లేని ట్రైలర్ బరువు లాగే బండి బరువులో సగం, లేదా 750 కిలోలు, ఏది తక్కువైతే అది దాటకూడదని నియమం. ఆ లెక్కన జిప్సీకి 490 దగ్గర ఆగాలి. తోటలో దారి ఏటవాలు, దిగేటప్పుడు ట్రైలర్ వెనకనుంచి తోస్తుంది. 450కి ఒప్పించాను. హిచ్‌ని మాత్రం 600కే లెక్కకట్టాను. ఇంకో సంగతి, జిప్సీ వీల్‌బేస్ 2375 మి.మీ. వెనక ఇరుసుకి 950 మి.మీ. వెనక 60 కిలోలు ఆనితే ముందు చక్రాల మీద 24 కిలోలు తగ్గుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోవడం అక్కడే మొదలవుతుంది.

మొదట ప్రయత్నించినవి, ఎందుకు వదిలేశాం

యజమాని ఖర్చు గురించి ఆలోచిస్తున్నారు, అది న్యాయమే. అందుకని ముందు తక్కువ పనితో అయ్యే దారి చూశాం. క్రాస్ మెంబర్‌లో తుప్పు ముక్క కోసేసి, అదే మందం కొత్త రేకు వేసి, దాని మీద బలానికి వెడల్పాటి డబ్లర్ (అదనపు) ప్లేటు పెట్టి తాత్కాలికంగా లోడు ఇచ్చి చూశాం. ముందు రెయిళ్లని గొలుసులతో నేలలోని యాంకర్‌కి కట్టి, వెనక చైన్ పుల్లీ బ్లాక్‌తో, మధ్యలో క్రేన్ స్కేల్ పెట్టి లాగాం. టన్ను కూడా చేరకముందే కదలిక కొలిచే డయల్ గేజ్‌లో క్రాస్ మెంబర్ 4 మి.మీ. మెలితిరిగింది, లోడు తీశాక మొత్తం వెనక్కి రాలేదు. గేజ్ చూశాక ఆయనకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. క్రాస్ మెంబర్ రెండు రెయిళ్లనీ దూరంగా నిలిపి ఉంచడానికి, బాడీ మౌంట్లు మోయడానికి పుట్టింది. మెలికి తట్టుకునే భాగం కాదు. లోడు నేరుగా రెండు రెయిళ్లలోకే వెళ్లాలి.

ఛాసిస్‌కే వెల్డ్ చేస్తే సరిపోదా అని మా కుర్రాడు అడిగాడు. చేయవచ్చు, చాలామంది చేస్తారు. నేను వద్దనుకోవడానికి కారణం ఉంది. ఈ రెయిల్ పల్చటి గోడల బాక్స్. దాని మీద అడ్డంగా పెట్టిన వెల్డ్ బీడు (వెల్డ్ వేసిన గీత) చిరుగు మొదలయ్యే చోటు అవుతుంది. ఇప్పుడు క్రాస్ మెంబర్‌కి అయింది అదే, అక్కడ చిరిగితే క్రాస్ మెంబర్ మారుస్తాం, రెయిల్ చిరిగితే బండి పోయినట్టే. పైగా బోల్టులతో ఉంటే ఎప్పుడైనా విప్పి, లోపల తుప్పు చూసి, మళ్లీ బిగించవచ్చు.

ట్యూబు దగ్గర ఇంకో తంటా. ఆయన దగ్గరున్న బాల్ మౌంట్ షాంక్ (ట్యూబులోకి దూరే కడ్డీ) రెండు అంగుళాలు, అంటే 50.8 మి.మీ. మన మార్కెట్‌లో సులువుగా దొరికే 63.5 మి.మీ. స్క్వేర్ ట్యూబ్ 4.5 మి.మీ. గోడతో తీసుకుంటే లోపల 54.5 ఉంటుంది. బయటి కొలత చూసి సరిపోతుందనుకుంటారు, లోపల దాదాపు 4 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీలో షాంక్ కొట్టుకుని పిన్ను రంధ్రాల్ని కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీస్తుంది. లోపల పల్చటి పట్టీలు అతికించి సర్దవచ్చు, కానీ వాటి వెనక నీళ్లు చేరి తుప్పు కనబడకుండా తింటుంది. లోపలి వెల్డ్ సీమ్ కూడా గీకాలి. అంత తిప్పలు పడటం కన్నా రెండు అంగుళాల లోకొలత, పావు అంగుళం గోడ ఉన్న రెడీమేడ్ రిసీవర్ ముక్క కొనడమే మంచిదని కొనిపించాను. మొత్తం పనిలో బయటినుంచి తెచ్చిన ముఖ్యమైన భాగం ఇదొక్కటే. మూతి చుట్టూ కాలర్ ఉన్నది, 16 మి.మీ. పిన్ను పట్టేది చూసుకోవాలి.

రెండో డిజైన్‌లో అడ్డ దూలం వేశాం. రిసీవర్‌ని దూలం కింద వేలాడదీస్తే మళ్లీ ఎత్తు సమస్యే వస్తుంది. 72 మి.మీ. స్క్వేర్ ట్యూబులో కిటికీ కోసి దూరుద్దామంటే పైన, కింద నాలుగేసి మి.మీ.లే మిగులుతాయి. అందుకే 122×61 రెక్టాంగిల్ ట్యూబ్ తీసుకుని నిలువుగా నిలబెట్టాం. నడుమ 63.5 కిటికీ కోసినా పైన, కింద 29 మి.మీ. చొప్పున గోడ మిగిలింది. రిసీవర్‌ని ఈ పక్కనుంచి ఆ పక్కకి దూర్చి రెండు గోడల దగ్గరా చుట్టూ వెల్డ్ చేశాం. దూలం రెండు చివర్లకీ 6 మి.మీ. సైడ్ ప్లేట్లు వెల్డ్ చేసి, అవి రెయిళ్ల బయటి ముఖాల మీద 300 మి.మీ. ముందుకి సాగేలా పెట్టి బోల్టులు వేశాం.

తిన్నగా లాగినప్పుడు ఈ హిచ్ రాయిలా నిలబడింది. 30 డిగ్రీల పక్కకి 2 టన్నులు లాగినప్పుడు మాత్రం సైడ్ ప్లేట్లు దెబ్బతిన్నాయి. ఆ కోణంలో సగం బలం, అంటే టన్ను, పక్కకి తోస్తుంది. చివరి బోల్టుకీ దూలానికీ మధ్య 90 మి.మీ. ఖాళీగా ఉన్న ప్లేటు ఆ పక్క తోపుకి వంగి కొద్దిగా వంపు నిలిచిపోయింది. నిలబెట్టిన ప్లేటు పైకీ కిందికీ వంగదు, పక్కకి మాత్రం తన మందంతోనే నిలవాలి. అడవిలో తిన్నగా లాగే అవకాశం ఎప్పుడోగాని రాదు, చెట్టు అడ్డం, వాగు మలుపు, ఏదో ఒకటి ఉంటుంది. అందుకే తిన్నని లాగుడు ఒక్కటే పరీక్షించి బండి ఇచ్చేయడం నాకు నచ్చదు.

నిలిచిన డిజైన్

సైడ్ ప్లేటు 8 మి.మీ. చేశాం. వంపుకి తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 6 నుంచి 8కి వెళితే దాదాపు 1.8 రెట్లు. దాంతోనే ఊరుకోలేదు. ప్లేటు కింది అంచుకి లోపలికి తిరిగే పట్టీ వెల్డ్ చేసి, రెయిల్ కిందికి కూడా పట్టుకునేలా ఎల్ ఆకారం చేశాం. ప్లేటు దూలాన్ని కలిసే మూలలో త్రికోణపు గస్సెట్ (మూలని బిగువుగా పట్టే ప్లేటు) వేశాం. పక్క వంపుని అసలు ఆపింది మందం కన్నా ఈ ఎల్, గస్సెట్టే.

బోల్టుల దగ్గర ఆగి చెప్పాల్సింది ఉంది. ఎం12, 8.8 గ్రేడు బోల్టు ఒక్కటి తెగాలంటే నాలుగు టన్నుల షియర్ (అడ్డంగా కోసే బలం) కావాలి. వైపుకి మూడు బోల్టులు. బోల్టు తెగుతుందన్న భయం అక్కర్లేదు. కానీ అదే బోల్టు రెండున్నర మి.మీ. రెయిల్ గోడని నొక్కితే, ఆ గోడ రంధ్రం దగ్గర టన్నూ టన్నుంబావుకే నలిగిపోతుంది. ఇంకా పెద్ద బోల్టు, ఇంకా పెద్ద గ్రేడు అని వెళ్లేవాళ్లు చూడనిది ఈ గోడనే. అందుకే లోడు రంధ్రం అంచు మీద పడకుండా, బిగింపు వల్ల ప్లేటుకీ గోడకీ మధ్య పుట్టే రాపిడి మీద నడవాలి. బాక్స్ రెయిల్‌ని గట్టిగా బిగిస్తే లోపలికి నొక్కుకుపోతుంది, బిగింపు నిలవదు. దానికి మందు స్లీవ్, అంటే బోల్టు చుట్టూ ఉండే గొట్టం ముక్క. బయటి గోడ రంధ్రం 20 మి.మీ.కి పెంచి, ఆ వ్యాసం స్లీవ్‌ని లోపలి గోడకి ఆనే దాకా దూర్చి, బయటి ముఖానికి సమానంగా కోశాం. స్లీవ్ ఒక పిసరు పొడుగున్నా ప్లేటు గోడని ఆనదు, పొట్టిగా ఉంటే గోడ నొక్కుకుపోతుంది. లోపలి వైపు 5 మి.మీ. బ్యాకింగ్ ప్లేటు, గట్టి వాషర్లు, లాక్ నట్లు. బిగింపు టార్క్ రెంచ్‌తోనే, 85 న్యూటన్ మీటర్ల దగ్గర. పానాతో చేతి అంచనాకి ఇలాంటి చోట విలువ లేదు. రెయిల్ మీద వెల్డ్ చుక్క కూడా పడలేదు.

పెట్రోల్ ట్యాంకు ఈ బండికి వెనకే ఉంటుంది. క్రాస్ మెంబర్ ముక్క మార్చేముందే ట్యాంకు దింపి షెడ్డుకి దూరంగా పెట్టించాను, పైపులకి మూతలు వేయించాను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపలంతా ఆవిరే. ఈ విషయంలో మా షాపులో మినహాయింపు లేదు.

ట్యాంకు వల్ల ఇంకో నిర్ణయం కూడా వచ్చింది. రిసీవర్ ముందు కొస ట్యాంకు వైపు చూస్తుంది. వెనకనుంచి ఏదైనా బండి గుద్దితే ఆ ట్యూబు ముందుకి జరిగి నేరుగా ట్యాంకులోకి దిగగలదు. అందుకే రిసీవర్‌ని క్రాస్ మెంబర్‌కి వెనకే ఆపేసి, కొసకి వెడల్పాటి ప్లేటు మూసి, దెబ్బ తగిలితే ఆ ప్లేటు క్రాస్ మెంబర్‌కి పరుచుకుని ఆనేలా చేశాను. వాడనప్పుడు బాల్ మౌంట్ తీసి లోపల పెట్టుకోమన్నాను. బయటికి పొడుచుకొచ్చి ఉంటే వెనకొచ్చే బైకువాడి మోకాలికీ ప్రమాదమే, నంబర్ ప్లేటుకీ అడ్డమే.

వెల్డింగ్ అంతా బండి మీద కాకుండా జిగ్ (భాగాల్ని కదలకుండా పట్టే చట్రం) మీదే, 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో. ఆ రాడ్లని ఓవెన్‌లో ఎండబెట్టకుండా వాడితే వాటికి పెట్టిన డబ్బు వృథా. వెల్డ్ చల్లారేటప్పుడు రిసీవర్ లోపలికి ముడుచుకుంటుంది. అలా కాకుండా షాంక్ కొలత ఉన్న ఇనుప దిమ్మె లోపల పెట్టి, ఎదురెదురు వైపులు మార్చి మార్చి చిన్న చిన్న బీడులు వేశాం. బీడు మొదలు, చివర ఏదీ మూల మీద పడనివ్వలేదు. తర్వాత డై పెనెట్రెంట్‌తో (చీలికల్లోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) చూస్తే ఒక గస్సెట్ కొసలో సన్నటి ఎర్ర గీత వచ్చింది. అక్కడ గ్రైండ్ చేసి మళ్లీ వేశాం. చూడటానికి అందంగా ఉన్న బీడు అది.

మళ్లీ అదే పరీక్ష. తిన్నగా, 30 డిగ్రీలు రెండు పక్కలకీ, 2 టన్నులు. లోడు తీశాక గేజ్ ముల్లు సున్నాకి వచ్చింది. లాగేటప్పుడు గొలుసు మీద తడి గోనె సంచులు వేశాం, గొలుసు వరసలో ఎవరినీ నిలబడనివ్వలేదు.

అప్పగించేటప్పుడు

రికవరీకి 4.75 టన్నుల రేటింగ్ ఉన్న షాకిల్‌తో షాకిల్ బ్లాక్ ఇచ్చాం. స్ట్రాప్ లూప్‌ని నేరుగా రిసీవర్‌లోకి దూర్చి పిన్ను వేయడం చాలామంది చేస్తారు. బాల్ కన్నా అది నయమే, కానీ లూప్ పిన్ను నడిమధ్యలో లాగుతుంది, పిన్ను వంగి ఇరుక్కుంటుంది. బ్లాక్ ఉంటే ఆ లోడు ట్యూబు గోడల దగ్గరే పిన్ను మీద పడుతుంది.

రోడ్డు మీద ట్రైలర్ సంగతి కూడా స్పష్టంగా చెప్పాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 బండిలో చేసే మార్పుల గురించి మాట్లాడుతుంది. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆర్టీఏ ఆఫీసులో అడగకుండా గేటు దాటించవద్దన్నాను. ఆయన తోట లోపలే వాడుతున్నారు, రోడ్డెక్కేముందు బాల్ మౌంట్ విప్పేస్తున్నారు.

వానాకాలం అయ్యాక బండి చెకప్‌కి వచ్చింది. బోల్టుల మీద గీసిన పెయింటు గుర్తులు కదల్లేదు, రెయిల్ గోడల్లో నొక్కుడు లేదు. ఎడమ వైపు ఒక బోల్టు టార్క్ కాస్త తగ్గితే సరిచేశాం. బ్యాకింగ్ ప్లేటు కింద పెయింటు నలిగి సర్దుకోవడం వల్ల అలా జరుగుతుంది, అందుకే ఇప్పుడు బిగింపు ముఖాల మీద మందం పెయింటు వేయకుండా పల్చటి జింక్ ప్రైమర్ ఒక్కటే వేస్తున్నాం. అడ్డ దూలం లోపల మాత్రం బురద నీరు నిలిచింది. దూలం అడుగున రెండు చివర్లలో డ్రెయిన్ రంధ్రాలు వేసి, లోపల మైనం పూత కొట్టి పంపాం. తర్వాత కట్టిన హిచ్‌లన్నిటికీ ఆ రంధ్రాలు జిగ్ మీద ఉండగానే వేస్తున్నాం.